ముందు పెట్టెలోంచి ఆ గౌను బయటికి తీయండి

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. క్రిస్మస్ అంటే బహుమతులు అందుకోవడమే కాదని, ఇవ్వడంలోనూ ఆనందం ఉందని పిల్లలకు నేర్పాలని నా తాపత్రయం. ఇంట్లో చార్టు పెట్టాను. ఒక బొమ్మ ఇచ్చేస్తే ఒక స్టార్, పది స్టార్లు వస్తే కోరిన గిఫ్ట్. పండగ ముందు అనాథాశ్రమానికి తీసుకెళ్లి వాళ్ల చేతులతోనే ఇప్పిస్తాను. పదిమందికి స్ఫూర్తిగా ఉంటుందని ఆ ఫోటోలు స్టేటస్‌లో పెడతాను. అయినా బాబు విరిగిపోయినవే ఏరి ఇస్తున్నాడు. మొన్న మా మరిది కొడుకు ఆడుకోవడానికి వస్తే, 'నీ ఒంటిమీద చొక్కా మా అమ్మ ఇచ్చిందే, నేను చెప్పినట్టు వినాలి' అన్నాడు. అందరిముందూ నా తల కొట్టేసినట్టయింది. మరిది వాళ్ల పరిస్థితి అంతంతమాత్రం. పెళ్లయిన దగ్గర్నుంచి ఎంత చేస్తున్నా మా తోడికోడలికి కృతజ్ఞత లేదు, అది వేరే సంగతి. ఆమె పాపకు కుట్టి పంపిన గౌను కూడా ఈసారి ఆశ్రమానికి ఇచ్చే పెట్టెలోనే వేశాం. పెట్టె ఇంకా హాల్లోనే ఉంది. పిల్లలకు మనస్ఫూర్తిగా ఇవ్వడం ఎలా నేర్పాలి? ఏ వయసులో మొదలుపెట్టాలి? ఎలాంటి సంస్థకు తీసుకెళ్తే మంచిది?

జవాబు: వేరే సంగతి అన్నారు చూశారా, మీ ఉత్తరంలో నాకు కనిపించిన సంగతి అదొక్కటేనమ్మా.

మీరు అడిగినవాటికి త్వరగా జవాబు చెప్పేసి అక్కడికి వస్తాను. ఏ వయసులో మొదలుపెట్టాలంటారా? మీరు మొదలుపెట్టక ముందే వాళ్లు మొదలుపెట్టేశారు. లారా అక్నిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు కెనడాలో రెండేళ్లు కూడా నిండని పిల్లల మీద చేసిన పరిశోధనను 2012లో ప్రచురించారు. పిల్లలకు తినుబండారాలు ఇచ్చి, వాటిలోంచి చేతితో ఆడించే ఒక బొమ్మకు పెట్టమన్నారు. తాము పుచ్చుకున్నప్పటికంటే ఇచ్చినప్పుడే పిల్లల మొహాల్లో సంతోషం ఎక్కువ కనిపించింది. పరిశోధకులు చేతికిచ్చిన వేరే ముక్కను పెట్టినప్పటికంటే, తమ గిన్నెలోది తీసి పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. కాబట్టి మీ వాడికి ఇవ్వడం చేతకాదనే దిగులు వదిలేయండి. ఒకప్పుడు నోట్లో సగం నమిలిన బిస్కట్ తీసి మీ నోటికి అందించే ఉంటాడు.

ఇక ఆ స్టార్ల చార్టు. దాన్ని ఈ రాత్రే గోడ మీంచి తీసేయండి. ఎదుటివాళ్లకు సాయం చేసినందుకు వస్తువులు బహుమతిగా అందుకున్న పసిపిల్లలు, ఆ తర్వాత సాయానికి అంతగా ముందుకు రాలేదని ఫెలిక్స్ వార్నెకెన్, మైఖేల్ టొమాసెల్లో 2008లోనే చూపించారు. బహుమతి ఏమీ అందుకోని పిల్లలు మాత్రం ఎప్పట్లాగే పరిగెత్తుకొచ్చి సాయం చేశారు. మీ వాడైతే పరిశోధకులు అక్కర్లేకుండానే ఈ బేరం అర్థం చేసుకున్నాడు. చక్రం ఊడిన కారుకీ ఒకే స్టార్, కొత్త కారుకీ ఒకే స్టార్ అయినప్పుడు కొత్త కారు ఎవరిస్తారు? వాడిది పిసినారితనం కాదు, లెక్క తెలిసినతనం.

ఇప్పుడు అసలు విషయం. 'మా అమ్మ ఇచ్చిందే, నేను చెప్పినట్టు వినాలి.' తొమ్మిదేళ్ల పిల్లాడికి ఈ మాట సొంతంగా పుట్టదు. ఇచ్చినవాళ్ల మాట పుచ్చుకున్నవాళ్లు వినాలన్న సూత్రం వాడు ఇంట్లోనే నేర్చాడు. మీరు వాడికి పనిగట్టుకుని చెప్పి ఉండరు. చొక్కాలు మడతపెట్టి సంచిలో సర్దుతూ ఏమని ఉంటారో, వాళ్లు వచ్చి వెళ్లాక తలుపేసుకుని ఏం మాట్లాడి ఉంటారో, ఫోన్‌లో మీ అమ్మగారితో ఏం చెప్పుకొని ఉంటారో, మీకే తెలియాలి. 'పెళ్లయిన దగ్గర్నుంచి ఎంత చేస్తున్నా' అని ముక్కూమొహం తెలియని నాకే రాశారు. ఇంట్లో అనకుండా ఉన్నారంటే నేను నమ్మను. మీరు ఇచ్చింది ఇచ్చినట్టు వదిలేయలేదమ్మా, ఖాతా రాసుకున్నారు. ఆ ఖాతా చూసి మీ వాడు వడ్డీ వసూలుకు వెళ్లాడు.

తోడికోడలికి కృతజ్ఞత లేదని ఒక వాక్యం రాశారు. ఆ తర్వాతి వాక్యంలోనే ఆమె మీ పాపకు గౌను కుట్టి పంపిందని రాశారు. ఈ రెండూ పక్కపక్కనే పెట్టి కూడా మీకు ఏమీ తట్టకపోవడం నన్ను బాధపెట్టింది. చేతిలో డబ్బు ఆడని మనిషి ఇంకెలా చెబుతుంది కృతజ్ఞత? గుడ్డ కొనడానికి ఏం మానుకుందో, ఇంటిపని అంతా అయ్యాక మిషన్ ముందు ఎంతసేపు కూర్చుందో. దాన్ని మీ పాప ఒక్కసారైనా తొడుక్కుందా? తొడుక్కుని పిన్నికి ఫోన్‌లో చూపించిందా? ఏమీ రాయలేదు మీరు. పెట్టెలో వేశాం అన్నారు, అంతే. ఆ వేయడం మీ పిల్లలిద్దరూ చూశారు. వాళ్లకు అర్థమైంది ఏమిటంటే, పిన్ని ఇచ్చింది మనం వాడుకునే రకం కాదు, మనకు అక్కర్లేనివి పెట్టెలోకి పోతాయి, ఆ పెట్టె ఆశ్రమానికి పోతుంది. మీ వాడు విరిగిన బొమ్మలు అందులో వేశాడంటే తల్లి చూపిన దారినే నడిచాడు.

దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ చర్చిలో ఎన్నిసార్లు వినుంటారు! కలిగినవాళ్లు పెద్దమొత్తాలు వేస్తుంటే చూస్తూ కూర్చున్న యేసు, అందరికంటే ఎక్కువ వేసింది ఈమేనన్నాడు. మీ కుటుంబంలో ఆ రెండు కాసులు ఎవరు వేశారో, ఎవరి చేతిలోంచి అవి కింద పడ్డాయో కాస్త ఆలోచించండి.

పెద్ద కోడలన్నాక చిన్నవాళ్ల మంచీచెడూ చూసుకోవాలి, కాదనను. మీరు చేస్తున్నారు కూడా, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ చిన్నావిడ ఏదైనా తెస్తే కళ్లకద్దుకుని తీసుకోవడం కూడా పెద్దరికంలో భాగమేనని నా నమ్మకం. ఎప్పుడూ చెయ్యి చాపి పుచ్చుకోవడమే తప్ప తిరిగి ఏమీ ఇచ్చే వీలు లేకుండా చేస్తే ఏ మనిషికైనా మొహం ముడుచుకుపోతుంది. దాన్ని మీరు కృతజ్ఞత లేకపోవడం అనుకుంటున్నారు. నేనైతే ఆత్మాభిమానం అంటాను. (అన్నట్టు, ఇంత పెద్ద ఉత్తరంలో మీవారి ప్రస్తావన ఒక్కచోటా లేదు. సొంత తమ్ముడి కుటుంబం విషయంలో ఆయన ఏమనుకుంటున్నారో కనుక్కోండి.)

కాబట్టి ముందు ఆ గౌను బయటికి తీయండి. ఇస్త్రీ చేసి, పండగరోజు ఆరాధనకు పాపకు అదే వేయండి. బిగుతుగానో పొట్టిగానో ఉంటే ఇంకా మంచిది. 'కాస్త కుట్లు విప్పి సరిచేసి పెడతావా' అని మీ తోడికోడలినే అడగండి. మీరు ఆమెను ఏదైనా అడగడం బహుశా ఇదే మొదటిసారి అవుతుంది. ముభావంగా మాట్లాడిందని టెన్షన్ పడకండి, ఒక్క ఫోన్‌కాల్‌తో కరిగిపోవడానికి ఇది నిన్నమొన్నటిది కాదు.

బాబును అందరిముందూ నిలబెట్టి తమ్ముడికి సారీ చెప్పించకండి. మీ తల కొట్టేసినట్టయినందుకు వాడితో సారీ చెప్పించడం అవుతుంది అది. వాడితో ఒంటరిగా కూర్చుని, 'ఆ మాట నువ్వు నా దగ్గరే నేర్చుకుని ఉంటావు, నేనూ మానేస్తాను, నువ్వూ మానేయాలి' అని చెప్పండి. తర్వాత తమ్ముడితో ఎలా సర్దుకుంటాడో వాడి ఇష్టం. ఇకముందు చొక్కాలు ఇవ్వాలనుకుంటే పిల్లాడికి కనబడకుండా వాళ్లమ్మ చేతికివ్వండి, ఇచ్చాక ఆ ఊసెత్తకండి. ఈ క్రిస్మస్‌కు వాడు బాగా ఎరిగిన ఒక్క మనిషికి తనకు తోచింది ఇవ్వనివ్వండి. నాయనమ్మ కావచ్చు, స్నేహితుడు కావచ్చు. ఎవరికి, ఏది అన్నది వాడే తేల్చుకోవాలి. ఎవరికీ ఏమీ ఇవ్వనంటే ఊరుకోండి, ఉపన్యాసం వద్దు. సణుగుతూనో బలవంతం మీదో ఇవ్వవద్దని బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు పట్టణంలోని క్రైస్తవ సంఘానికే రాశాడు, తొమ్మిదేళ్లవాడికి మినహాయింపు ఉండదా?

ఫోటోల మాట కూడా చెప్పాలి. ఈనాటి శాంటాక్లాజ్‌కు మూలపురుషుడైన నికోలస్ నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణానికి బిషప్. ముగ్గురు ఆడపిల్లల పెళ్లి చేయలేక కుమిలిపోతున్న తండ్రి ఇంట్లోకి ఆయన రాత్రిపూట ఎవరూ చూడకుండా బంగారం మూటలు విసిరాడని కథ చెబుతారు. పగలే తలుపు తట్టి ఇవ్వచ్చుగా? ఆ తండ్రి తల దించుకోకూడదనే. ఆశ్రమంలో పిల్లలకు మొహం తిప్పుకునే వీలుండదు. మీ బొమ్మ కావాలంటే మీ ఫోన్ వైపు చూసి నవ్వాలి. స్టేటస్‌లో ఉన్నవి ఇప్పుడే తీసేయండి.

సంస్థ ఏదైతేనేం? పండగ వారంలో అందరూ వెళ్తారు, ఆ తర్వాత పలకరించేవాళ్లు తక్కువ. జనవరిలో ఫోన్ చేసి ఏం కావాలో అడిగి అదే పంపండి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లడం కొన్నాళ్లు ఆపండి. పెట్టెలో ఉన్న విరిగిన బొమ్మలు మాత్రం ఎక్కడికీ పంపకుండా చెత్తలో వేసేయండి.