మైలోమా ఎముక మజ్జ దాటితే నాలుగో దశేనా?

మీ అమ్మగారికి మైలోమా (ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల క్యాన్సర్) మజ్జ దాటి పక్కటెముక దగ్గర గడ్డ కట్టిందని, రక్తంలో ఆ కణాలు వదిలే ఎమ్ ప్రోటీన్ మాత్రం తక్కువే ఉందని రాశారు. ఇది నాలుగో దశా అని అడిగారు. మైలోమాకు మామూలుగా వాడే లెక్కలో నాలుగో దశ లేదు. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, అల్బుమిన్ అనే రెండు రక్త ప్రోటీన్లను చూసి వేసే ఆ లెక్కలో ఉన్నవి మూడు దశలే. ఎల్‌డీహెచ్ అనే రక్తంలోని ఎంజైము, క్రోమోజోమ్ మార్పులు అందులో తర్వాత చేరాయి. అలాగని ఇది చిన్న విషయమని మభ్యపెట్టను.

మా నాన్నగారిదీ మైలోమాయే. అప్పటికి చికిత్స మొదలై రెండేళ్లు దాటింది. రిపోర్టు రాగానే ఇంటిల్లిపాదీ ఎమ్ స్పైక్ అంకె, అంటే ఎమ్ ప్రోటీన్ ఎంతుందో, వెతికేవాళ్లం. అది 0.3 దగ్గరే ఉండేది. ఒకరోజు స్నానం చేసి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుంటూ, "ఇక్కడేదో చేతికి తగులుతోందిరా" అన్నారు. ఎడమ చంక కింద రేగుపండంత గడ్డ. నొప్పి లేదు. చూపించిన చోట కొవ్వు గడ్డన్నారు. రక్తపరీక్షలు బాగున్నాయి కదా అని మేమూ ఊరుకున్నాం. నెలన్నరలో అది నిమ్మకాయంత అయింది. ఆ నెలన్నర తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మజ్జ బయట పెరిగే ప్లాస్మా కణాలు ఒక్కోసారి ఆ ప్రోటీన్‌ను సరిగా తయారు చేయవట. అంకె కదలదు, గడ్డ మాత్రం పెరుగుతుంది. చివరికి పెట్ సీటీ తీస్తే చంక కింద గడ్డతో పాటు కాలేయంలోనూ రెండు చోట్ల వెలిగింది. బయాప్సీలో మైలోమాయే అని తేలింది.

మీరు డాక్టర్‌ను ముందుగా అడగవలసింది ఒకటుంది. గడ్డ పక్కటెముకను తొలుచుకుని బయటికి వచ్చిందా, ఎముకతో సంబంధం లేకుండా రక్తం ద్వారా వెళ్లి పెరిగిందా? రెండోది మొండిది. మాది అదే. మీ అమ్మగారిది మొదటి రకం కావచ్చు, స్కాను చూసి వాళ్లే చెప్పాలి. 17పీ లోపం (17వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క పోవడం) వంటివి ఉన్నాయేమో చూసే ఫిష్ పరీక్ష గురించి కూడా అడగండి.

రేడియేషన్‌కు నాన్నగారి చంక కింది గడ్డ మూడు వారాల్లో కరిగిపోయింది. కానీ రేడియేషన్ పెట్టిన చోటే పనిచేస్తుంది, ఒళ్లంతటికీ మందులు మార్చవలసి వచ్చింది. ఆ తర్వాత 14 నెలలు మాతో ఉన్నారు. అందులో ఎక్కువ భాగం తన పనులు తానే చేసుకున్నారు.

అన్నట్టు, షుగరు పెంచే డెక్సా (స్టెరాయిడ్) మాత్రలు వేసుకునే రోజుల్లోనే పెట్ సీటీ స్కాను పడితే ముందే చెప్పండి. నాన్నగారికి షుగరు 240 దాటి, ఉదయం నుంచి పస్తున్న మనిషిని స్కాను చేయకుండానే వెనక్కి పంపారు.