చదివి వినిపించమని భర్తను అడగడం చిన్నతనమా?

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. మధుమేహం వల్ల చూపు మందగించి, పత్రికల్లోని సన్న అక్షరాలు కనిపించడం లేదు. మా తాతగారు రాత్రి భోజనాలయ్యాక, చదువు రాని అమ్మమ్మకు పుస్తకాలు చదివి వినిపించేవారు. తాతగారిలా చదవమని మావారిని అడిగితే, ఫోన్‌లో కథలు వినమన్నారు. మనసు చివుక్కుమంది. నాది చిన్నతనమా?

జవాబు: కాదమ్మా. మీరు కోరుకున్నది ఆయన గొంతు, ఆయన పక్కన గడిచే అరగంట. ఫోన్ ఇచ్చేది కథ ఒక్కటే. అయితే ఆ తేడా ఆయనకు అర్థమయ్యేలా మీరు చెప్పినట్టు ఉత్తరంలో లేదు.

అమ్మమ్మగారి రోజుల గురించి ఒక మాట చెప్పాలి. భార్యాభర్తలు నలుగురిలో మాట్లాడుకోవడానికే సంకోచించే ఉమ్మడి కుటుంబాల్లో, పోతన భాగవతమో, కార్తీకమాసమంతా రోజుకొక అధ్యాయం చొప్పున సాగే కార్తీక పురాణమో ఆయన చదువుతుంటే, ఆమె వత్తులు చేసుకుంటూ దగ్గర కూర్చున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఎందరో దంపతులకు దొరికిన సాన్నిహిత్యం అంతే. కాని 1951 జనాభా లెక్కల నాటికి కూడా మన దేశంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి 9 మంది కంటే తక్కువ. కాబట్టి ఏది చదవాలో, ఎక్కడ ఆపాలో చాలా ఇళ్లలో భర్తే నిర్ణయించేవారు. కందుకూరి వీరేశలింగంగారిలా భార్యకు స్వయంగా చదువు నేర్పినవారు కొద్దిమందే. తాతగారి ఆప్యాయతను నేను తక్కువ చేయడం లేదు. మీకు చదువు వచ్చు, నచ్చిన పుస్తకమేదో తెలుసు. అందుకే మీ ఇంట్లో ఈ చదువు మరోలా సాగాలంటున్నాను.

ముందుగా, తాతగారితో పోల్చి అడగడం మానండి; పోలిక వినగానే ఎవరి మనసైనా ముడుచుకుపోతుంది. బడి విడిచాక పైకి చదవని మనిషికి, ఎదుట ఒకరు వింటున్నారంటే బిడియం కూడా ఉంటుంది. ఉదయం కాఫీ తాగుతూ ఆయన పేపరు చూసేవారైతే, ఒక్క వార్త పైకి చదవమనండి. తడబడితే దిద్దకండి, విన్నదాని మీద మీ అభిప్రాయం చెప్పండి, ఆయన మాట కూడా వినండి. కొన్నాళ్లకు పావుగంట కథకు, మీకు కంఠతా వచ్చిన పద్యాలు ఆయనకు వినిపించడానికి చోటు దొరకవచ్చు. అప్పటికీ ఇష్టపడకపోతే, నిష్ఠూరమాడకుండా కారణం అడగండి. ఆయన కళ్లు కూడా అలసిపోతుండవచ్చు.

మధుమేహం ఉన్నవారు ఏడాదికొకసారైనా రెటీనా పరీక్ష చేయించుకోవాలి, దాన్ని వాయిదా వేయకండి. ఆస్పత్రికి ఆయననే తోడు రమ్మనండి. డాక్టరు రాసిచ్చిన కాగితం మీకు చదివి వినిపించవలసింది ఆయనే కదా.