అగత్తి దగ్గర ఓడ ఆగలేదు, డబ్బులు వస్తాయా?

అన్నా, ఎండ కాస్తున్నా అలలు ఎక్కువని చెప్పి లక్షద్వీప్‌లోని అగత్తి దీవిలో దించకుండా టూరిస్టు ఓడ ముందుకెళ్లిపోయిందని, హనుమకొండ ఏజెంటేమో తనకు సంబంధం లేదంటున్నాడని రాశారు కదా.

అలలు లేవడానికి అక్కడే వాన పడాల్సిన పని లేదు. వందల కిలోమీటర్ల అవతల గాలివాన లేచినా దాని అలలు అక్కడిదాకా వస్తాయి. అగత్తి చుట్టూ పగడపు దిబ్బలు, లోపల లోతు తక్కువ. పెద్ద ఓడ బయటే ఆగి మనల్ని చిన్న బోట్లలోకి దించాలి. లక్నవరం చెరువులో బోటెక్కినట్టు కాదది. ఓడ తలుపు దగ్గర బోటు ఎగిరెగిరి పడుతుంటే చంకలో పిల్లాడితో అడుగెలా వేస్తాం? నన్నడిగితే కెప్టెన్ చేసింది రైటే.

ఇక డబ్బుల సంగతి. వాతావరణం బాగాలేకపోతే రూటు మారుస్తామని టికెట్ షరతుల్లో మామూలుగా రాసే ఉంటుంది, కాబట్టి పూర్తి టికెట్ మీద ఆశ పెట్టుకోకండి. కానీ ఆ దీవికి కట్టిన పోర్టు చార్జీలు, ఓడవాళ్ల దగ్గరే బుక్ చేసిన స్కూబా లాంటివాటి డబ్బులు చాలా కంపెనీలు వాపసు ఇస్తాయి. బిల్లులో అవి విడిగా ఉన్నాయేమో చూసి మెయిల్ పెట్టండి, ఫోన్లో అరిస్తే తేలదు. రసీదు ఏజెంటు ఇచ్చి ఉంటే అతనికీ అదే మెయిల్ పంపండి. ఇద్దరూ పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుని ఉంటే పాలసీ కాగితం కూడా ఒకసారి తిరగేయండి, కొన్నింట్లో ఇలా తప్పిపోయిన పోర్టుకూ కవరేజీ ఉంటుంది.

మళ్లీ వెళ్లాలనుకుంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అటు వద్దు. డిసెంబర్, ఫిబ్రవరి మధ్య సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది.