ఆఖరి పెట్టె దాటాకే లైన్ క్లియర్

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనల్లుడిని ఆశీర్వదించి మామయ్య వ్రాయు లేఖ. ఉభయకుశలోపరి.

బెంగళూరులో నీ గదిలో బల్ల వేసి హెచ్‌ఓ కొలత నమూనా రైళ్ల పట్టాలు పరిచావనీ, ఎస్‌పి రోడ్డులో ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు బోర్డు, పట్టాలకు కరెంటు పంపే మోటారు షీల్డు కొని అందులో రైళ్లను నడిపే డిసిసి-ఇఎక్స్ ప్రోగ్రాము ఎక్కించావనీ, రెండు రైళ్లు వాటంతట అవే స్టేషనుకు వచ్చి ఆగి వెళ్లేలా ప్రోగ్రాము రాస్తే అవి రెండుసార్లు గుద్దుకున్నాయనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. ప్రోగ్రాము కూడా చదివాను. ఇంజను బయలుదేరాలి, పన్నెండు సెకన్లు గడవాలి, పాయింటు (రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పట్టా) మారాలి అన్న తీరే అందులో మొదటి నుంచి చివరిదాకా ఉంది. తప్పంతా ఆ పన్నెండు సెకన్లలోనే ఉంది. పొద్దున చల్లగా ఉన్న ఇంజను ఒక వేగంతో పోతుంది, అరగంట తిరిగి వేడెక్కాక మరో వేగంతో పోతుంది, పట్టా మీద మురికి పడితే ఆగి ఆగి కదులుతుంది. గడియారం చూసి పాయింటు మార్చే స్టేషన్ మాస్టరును ఏ రైల్వేలోనూ ఉంచుకోరు.

కాబట్టి కీబోర్డు పక్కన పెట్టి ముందు పట్టాలను బ్లాకులుగా, అంటే ఒకసారికి ఒకే రైలు ఉండే ముక్కలుగా, విడగొట్టు. ప్రతి బ్లాకూ నీ అతి పొడవైన రైలు కంటే కాస్త పొడుగ్గా ఉండాలి, రెండు చివర్లా పట్టాకు కరెంటు తెగాలి, అందులో రైలుందో లేదో చెప్పే డిటెక్టరు బ్లాకుకొకటి ఉండాలి. ఆ తరువాత ప్రతి కదలికకూ ఒక కాగితం తీసుకుని, అది ఏ సెన్సరు (రైలు ఆ చోటికి చేరిందని చెప్పే పరికరం) వల్ల మొదలవుతుందో, అంతకుముందు ఏ బ్లాకు ఖాళీగా ఉండాలో, ఏది చూసి అది ముగిసిందని నమ్ముతావో తెలుగులోనే రాసుకో. ఆ కాగితం సరిగ్గా కుదిరితే ప్రోగ్రాము రాయడం గుమాస్తా పనిగా మిగులుతుంది.

స్టేషను దగ్గర పక్కకు చీలి మళ్లీ కలిసే నీ లూప్ లైను సంగతే తీసుకుందాం. మొదట లూప్ బ్లాకును 'రిజర్వ్' ఆజ్ఞతో నీ రైలుకు కేటాయించాలి. అది మరో రైలు చేతిలో ఉంటే నీ ఇంజను ఆగి, అది విడుదలయ్యేదాకా అక్కడే వేచి ఉంటుంది. బ్లాకు చేజిక్కాకే పాయింటు మార్చి, ఆ పైన ఇంజనుకు 50వ మెట్టు వేగం ఇవ్వాలి. బ్లాకు మొదటి సెన్సరు దగ్గర 15కు తగ్గించి, రెండో సెన్సరు దగ్గర 'స్టాప్' ఇవ్వాలి. ఒకే సెన్సరుతో 50 నుంచి ఒక్కసారిగా ఆపాలని చూస్తే ఇంజనులో ఉండి ఆజ్ఞలు అందుకునే డీకోడరులోని సివి 4 (వేగం ఎంత మెల్లగా తగ్గాలో చెప్పే అంకె) విలువను బట్టి ఇంజను ఇంకా జారుతూనే ఉంటుంది, ఏ పూటకా పూట వేరే చోట ఆగుతుంది. స్టేషనులో నిలిపే సమయానికి మాత్రం 'డిలే' వాడుకో, అక్కడ గడియారానికి పని ఉంది. మిల్లీ సెకన్లలో ఇవ్వాలి గనుక 5 సెకన్లకు 5000 అని రాయాలి.

ఇక వెనక బ్లాకును 'ఫ్రీ' చేసే, అంటే రిజర్వ్ వదిలేసే, చోటు. నేనూ దెబ్బ తిన్నది ఇక్కడే కనుక కాస్త విపులంగా చెబుతాను. స్టేషన్ మాస్టరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, రైలు చివరి పెట్టె వెనక 'ఎల్‌వి' (లాస్ట్ వెహికల్, ఆఖరి పెట్టె) అని రాసిన పలక కళ్లారా చూడనిదే వెనక స్టేషనుకు లైన్ క్లియర్, అంటే మరో రైలును పంపవచ్చన్న అనుమతి, ఇచ్చేవాణ్ణి కాను. అలాంటివాణ్ణి, నా బల్ల మీద మాత్రం ఇంజను ముందు బ్లాకులోకి రాగానే వెనక బ్లాకును ఫ్రీ చేశాను. ఒకనాటి సాయంత్రం కొక్కెం ఊడి రెండు పెట్టెలు వెనకే నిలిచిపోయాయి. డిటెక్టరు పట్టేది కరెంటు వాడే వాటినే. ఆ పెట్టెలకు ప్లాస్టిక్ చక్రాలు. బ్లాకు ఖాళీ అని ప్రోగ్రాము నమ్మింది, రెండో రైలు వచ్చి వాటిని బల్ల కిందికి నెట్టింది. అందుకని ప్రతి రైలు ఆఖరి పెట్టెకు లోహపు చక్రాలు వేసి, ఒక ఇరుసు మీద రెండు చక్రాల నడుమ 10 కిలో ఓముల రెసిస్టరు కలుపు. పట్టాల్లో సుమారు 15 వోల్టులు ఉంటే దానిగుండా ఒకటిన్నర మిల్లీ ఆంపియర్లు పారుతుంది. నీ డిటెక్టరుకు అది చాలునో చాలదో ముందే పరీక్షించుకో. డిటెక్టరు ఖాళీ అన్నాక కూడా రెండు సెకన్లు ఆ మాట మీదే నిలబడిందా అని చూసి, అప్పుడే ఫ్రీ చేయి, ఎందుకంటే మురికి చక్రం క్షణానికొకసారి కరెంటు వదిలేస్తూ ఉంటుంది.

ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు చవక అని మొత్తం వాటితోనే కానిచ్చేయకు. మా ఇంట్లో మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడగానే లేని రైలు వచ్చిందని చెప్పేవి.

కరెంటు పోయి వస్తే రిజర్వేషన్లన్నీ చెరిగిపోతాయి. ప్రోగ్రాము మొదట్లోనే ఏ రైలు ఏ బ్లాకులో నిలిచి ఉందో రిజర్వ్ చేయించు. ఒక్క రైలుతో ఇరవై చుట్లు తప్పు లేకుండా తిరిగిన తరువాతే రెండోది పట్టాలెక్కించు. అత్యవసరంగా ఆపే మీట చేతికందే దూరంలోనే ఉండాలి.

పండక్కి వచ్చేటప్పుడు నీ పెట్టెల ఇరుసులు వెంట తెచ్చుకో, రిచీ వీధిలో రెసిస్టర్లు నేను కొని ఉంచుతాను. నా చేయి ఈమధ్య వణుకుతోంది కనుక సోల్డరింగ్ మాత్రం నీవే చేయాలి.

ఇట్లు,
మీ మామయ్య