వికీ పేజీలో ఏటి నీటిమట్టం చూపబోతున్న మేనకోడలికి

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మీ ఊరి రైతుల కోసం వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు మీడియావికీని పెట్టి, సర్వర్‌లోని స్క్రిప్టు తెచ్చే వంశధార నీటిమట్టాన్ని అందులోని పేజీలో చూపించబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్ల ఇంత పని తలకెత్తుకున్నందుకు గుండె పొంగింది. వెంటనే ఒక పాత భయం కూడా మేలుకోవడంతో రాత్రి నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీడియావికీని రాసిన భాష పీహెచ్‌పీలో, ఫలితాన్ని నేరుగా అచ్చేసే ఎకో వాడకు, అంకె పేజీ రూపురేఖలైన స్కిన్‌ను వదిలేసి పేజీ నెత్తిన పడుతుంది. ట్యాగు ఎక్స్‌టెన్షన్, అంటే పేజీలో ఒక ట్యాగు పెడితే నీ కోడును నడిపే చేర్పు, రాసి ఫలితాన్ని రిటర్న్ చేస్తే వికీయే దాన్ని పేజీలో దాని చోట కూర్చోబెడుతుంది. స్క్రిప్టు ఇచ్చినదాన్ని హెచ్‌టీఎంఎల్ గుర్తులను మామూలు అక్షరాలుగా మార్చే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్‌తో వడగట్టకుండా లోపలికి రానివ్వకు. పేజీలో రాసిన కోడును ఉన్నదున్నట్టు రానిచ్చే ముడి హెచ్‌టీఎంఎల్ సెట్టింగు తెరిచావంటే, పేజీ సవరించగల ప్రతివారికీ ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే.

చాలా ఏళ్ల క్రితం గొట్టా బ్యారేజీ దగ్గరి మట్టం కోసం నేనూ ఇలాంటి పేజీనే కట్టాను. మార్పు చేసిన ప్రతిసారీ సేవ్ చేసి చూసేవాణ్ణి, ప్రతిసారీ కొత్త అంకె వచ్చేది, పని చేస్తోందని సంబరపడ్డాను. సేవ్ చేసినప్పుడే వికీ పేజీని కొత్తగా వండుతుందనీ, లేనప్పుడు ఒకసారి వండినదాన్నే పార్సర్ క్యాష్ అనే నిల్వ నుంచి, మామూలు అమరికలో 86,400 సెకన్లు, అంటే రోజంతా, వడ్డిస్తూ ఉంటుందనీ నాకప్పుడు తెలియదు. ఎగువన ఒడిశా కొండల్లో వాన దంచిన ఒక సాయంత్రం ఏరు పొంగుతుంటే, నా పేజీ పొద్దుటి అంకెనే చూపింది. మీ తాతయ్య దాన్ని నమ్మి, ఏటి ఒడ్డున ఉన్న మోటారును విప్పకుండా భోంచేసి పడుకున్నారు. మర్నాడు ఇద్దరం మోకాలిలోతు ఒండ్రులో దాన్ని వెతికాం. దొరికిన మోటారులోంచి బురదనీళ్లు కారుతుంటే, ఆయన కండువాతో తుడుస్తూ, "నువ్వేమైనా తిన్నావా?" అని మాత్రం అడిగారు.

అందుకే చెబుతున్నాను తల్లీ, ట్యాగు ఫంక్షన్‌లో పార్సర్ అవుట్‌పుట్‌కు, అంటే వికీ వండిన పేజీకి, క్యాష్ గడువు సున్నా చెయ్యి. లేదా తెరిచినప్పుడల్లా కోడే తయారుచేసే ప్రత్యేక పేజీగా (స్పెషల్ పేజీ) రాయి, దానికి పార్సర్ క్యాష్ బెడద ఉండదు. కొలత తీసిన తేదీ, గంట, నిమిషం అంకె పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. స్క్రిప్టు జవాబివ్వకపోతే పాత అంకె చూపకుండా "సమాచారం అందలేదు" అని రాయించు. అది చదివిన రైతు ఏటి దాకా వెళ్లి స్వయంగా చూసుకుంటాడు. పరీక్షించేశాను మావయ్యా అని నాతో అనకు, సేవ్ నొక్కి చూడడం పరీక్ష కాదు.

పేజీ తయారయ్యాక లింకు పంపి, రెండు రోజులు దాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యి. నేను ఇక్కడ తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తెరిచి, అంకె మారిందో లేదో కాగితం మీద రాసి పెడతాను.

మీ మావయ్య