మీ ప్రశ్నలు: సైట్ అందంగానే ఉంది, మరి వచ్చినవాళ్లు ఆగరేం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు వెబ్‌సైట్ల గురించే. అందుకని మిగతా విషయాలు వచ్చే సంచికకి జరిపి, వీటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను పిల్లలకి బొమ్మలు గీయడం నేర్పిస్తుంటాను. తెలిసిన కుర్రాడి చేత వెబ్‌సైట్ చేయించుకున్నాను. తెరవగానే స్క్రీన్ నిండా పెద్ద బొమ్మలు ఒకదాని వెంట ఒకటి జరుగుతుంటాయి, చూసినవాళ్లంతా బాగుందనే అంటారు. రోజూ పాతిక ముప్పై మంది వస్తున్నట్టు లెక్క చూపిస్తోంది గానీ ఒక్కరూ ఫోన్ చేయడం లేదు. చాలామంది పది సెకన్లలోపే వెళ్లిపోతున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు లింక్ కూడా పంపారు కాబట్టి ఉత్తరం పక్కన పెట్టి ముందు సైట్ తెరిచాను. కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లో. పిల్లల్ని ఎక్కడ చేర్పించాలా అని వెతికే తల్లిదండ్రులు ఎక్కువగా చూసేది ఫోన్‌లోనే కదా. మొదటి బొమ్మ పూర్తిగా కనబడేసరికి మనసులో ఆరు దాకా లెక్కపెట్టాను. దాని మీద ఏదో రాసి ఉంది, సగం చదివేలోపే రెండో బొమ్మ వచ్చేసింది. ఏ వయసు పిల్లలకి నేర్పుతారు, ఏ రోజుల్లో, ఏ టైమ్‌లో, ఒక బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారు, ఇవేవీ కనబడలేదు. స్క్రోల్ చేసుకుంటూ పోతే మీ చదువు, మీకొచ్చిన బహుమతులు, కళ గొప్పదనం గురించి ఒక పొడుగాటి పేరా ఉన్నాయి. ఫోన్ నంబర్ అన్నిటికంటే అడుగున ఉంది, అదీ బొమ్మలో కలిపేసి ఉంది. నొక్కితే కాల్ వెళ్లదు, అంకెలు గుర్తుపెట్టుకుని విడిగా కొట్టుకోవాలి.

మీ మనసు నొప్పించాలని ఇదంతా రాయడం లేదు, మీ దగ్గర నేర్చుకోవాల్సిన పిల్లలు మీదాకా రాలేకపోతున్నారే అన్న బాధతో రాస్తున్నాను. మీ సైట్ తెరిచిన అమ్మ మీ ప్రతిభ చూద్దామని రాలేదు. ఆవిడ మనసులో ఒక ప్రశ్న ఉంది: మా ఏడేళ్ల పాపని చేర్చుకుంటారా, బడి అయ్యాక కుదురుతుందా? దానికి జవాబు మొదటి స్క్రీన్‌లోనే దొరికిందనుకోండి, ఆవిడ నెమ్మదించి మిగతావి చూస్తుంది, మీ బహుమతుల గురించి కూడా చదువుతుంది. దొరక్కపోతే వెనక్కి వెళ్లిపోయి ఇంకో సైట్ తెరుస్తుంది. మీకు కనబడుతున్న ఆ పది సెకన్లు బహుశా అవే.

అందం అక్కర్లేదని నేననడం లేదు. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేజీని 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు చూపించినా చాలు, అది బాగుందో లేదో మనుషులు ఒక అభిప్రాయానికి వచ్చేస్తున్నారని అందులో తేలింది. కాబట్టి రంగుల మీద మీరు పెట్టిన శ్రద్ధ ఊరికే పోలేదు. కానీ ఆ తర్వాతి సెకన్లలో వాళ్లకి కావలసింది సమాచారం.

ఆ జరిగే బొమ్మలు మాత్రం తీసేయండి. అమెరికాలో నోటర్ డేమ్ యూనివర్సిటీ వెబ్ విభాగంలో పనిచేసే ఒక డెవలపర్ 2013లో తమ సైట్లోని ఇలాంటి స్లైడర్ లెక్కలు బయటపెట్టాడు. పేజీకి వచ్చిన వందమందిలో దాన్ని నొక్కింది సుమారు ఒక్కరు, ఆ నొక్కినవాళ్లలో కూడా అత్యధికులు మొదటి బొమ్మనే నొక్కారు. మిగతావి వృథాగా లోడ్ అవుతూ పేజీని బరువెక్కించడమే.

వాటికి బదులు మీ దగ్గర చేరిన ఒక పిల్లాడు మొదటి నెలలో వేసిన బొమ్మ, ఆరు నెలల తర్వాత వేసిన బొమ్మ పక్కపక్కన పెట్టండి (వాళ్ల ఇంట్లో అడిగి, పేరు లేకుండా). మొదటిదాంట్లో చేతులు భుజాల్లోంచి కాకుండా నడుములోంచి పుట్టుకొచ్చి ఉంటాయి చూడండి, రెండోదాంట్లో అదే పిల్లాడు మోచేయి ఎక్కడ మడవాలో తెలుసుకుని ఉంటాడు. ఆ రెండూ చూసిన అమ్మ తన పాపని అక్కడ ఊహించుకుంటుంది. ఆ బొమ్మల పైన ఒక్క వాక్యం చాలు, ఫలానా వయసు పిల్లలకి డ్రాయింగ్ క్లాసులు, ఫలానా రోజుల్లో, ఫలానా టైమ్‌కి అని. దాని కిందే నొక్కితే నేరుగా కాల్ వెళ్లే బటన్ పెట్టండి.

తర్వాత ఏముండాలన్నది మీకే తెలుసు. మొదటిరోజు పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులు మిమ్మల్ని ఏమేం అడిగారో గుర్తు తెచ్చుకుని ఒక కాగితం మీద రాయండి. ఎక్కువమంది అడిగింది పైన, ఎప్పుడో ఒకరు అడిగింది కింద. ఆ కాగితాన్నే మీ కుర్రాడికి ఇచ్చి, పేజీ ఈ వరుసలో ఉండాలని చెప్పండి.

ఇక ఆ ఆరు సెకన్ల సంగతి. సైట్ల వాడకం మీద చాలాకాలంగా పనిచేస్తున్న యాకోబ్ నీల్సన్ 1993లోనే మూడు హద్దులు చెప్పారు. సెకనులో పదోవంతులో స్పందన వస్తే వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది, ఒక సెకను దాకా మన ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే ధ్యాస ఇంకోదాని మీదకి పోతుంది. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని ఇప్పుడు గూగుల్ చెప్తోంది. మీ సైట్ నిదానానికి కారణం నాకు ఇట్టే తెలిసిపోయింది, కెమెరాలోంచి వచ్చిన ఫొటోల్ని ఉన్నవి ఉన్నట్టే ఎక్కించేశారు. ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు! ఫోన్ స్క్రీన్‌కి సరిపడే కొలతకి తగ్గించి, ఫైలు బరువు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లో దాచమనండి, చాలావరకు రెండు మూడు వందల కేబీల్లోపే వచ్చేస్తాయి, కంటికి తేడా కూడా తెలియదు. ప్రతి బొమ్మకీ వెడల్పు, ఎత్తు కోడ్‌లో ముందే రాయమని కూడా చెప్పండి. లేకపోతే మనం బటన్ నొక్కబోయే క్షణంలో పైనెక్కడో ఒక బొమ్మ లోడ్ అయి పేజీ అంతా కిందికి జారుతుంది, వేలు ఇంకోదాని మీద పడుతుంది. మీ సైట్లో నాకు రెండుసార్లు ఇలాగే అయింది.

ప్రశ్న: మాది కథలు, వ్యాసాలు పెట్టే తెలుగు సైట్. అక్షరాలు ఇరుక్కుపోయినట్టు ఉన్నాయని, చదువుతుంటే కళ్లు నొప్పులు పుడుతున్నాయని పాఠకులు అంటున్నారు. ఇంగ్లీష్ సైట్ల డిజైన్ చూసి అచ్చం అలాగే చేశాం. ఎక్కడ తేడా వచ్చింది?

జవాబు: అచ్చం అలాగే చేయడంలోనే వచ్చింది. ఇంగ్లీష్ అక్షరాలకి సరిపోయే లైన్ల ఎడం మన అక్షరాలకి చాలదు. మనకి పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు వస్తుంది, అది కింది లైన్లోని గుడికి తగులుతుంది. అక్షరం సైజుకి లైన్ ఎత్తు 1.4 రెట్లు పెట్టి ఉంటారు, దాన్ని 1.7 లేదా 1.8 చేసి చూడండి. అక్షరం కూడా 18 పిక్సెళ్లకి తగ్గనివ్వొద్దు. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగ్ జోలికి వెళ్లకండి, మన లిపికి అది నప్పదు. రెండు అంచులూ సమంగా ఉండేలా సర్దడం కూడా ఫోన్‌లో వద్దు. మన మాటలు పొడుగు కాబట్టి లైన్‌కి మూడు నాలుగే పడతాయి, వాటి మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వచ్చేస్తాయి.

ఫాంట్ సంగతికొస్తే, కథ మొత్తానికి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడండి. రామభద్ర లాంటి లావు ఫాంట్లు శీర్షికలకి బాగుంటాయి, పేరాలకి పెడితే చదవలేం. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన కథలుంటే, ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగులాగే కనబడే యూనికోడ్‌లోకి మార్చే ఎక్కించండి. మార్చడం కష్టమని పేజీని బొమ్మగా పెట్టేస్తున్నారు కొంతమంది. అలా పెట్టిన కథ వెతికితే సరిగా దొరకదు, చూపు లేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అందదు, ఫోన్‌లో పెద్దది చేస్తే లైను స్క్రీన్ దాటిపోతుంది. ఒక రచయిత నెలల తరబడి రాసిన కథ ఉండీ లేనట్టే అయిపోతుంది, అది నాకు చాలా కష్టంగా ఉంటుంది. పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పడం కూడా మరిచిపోవద్దు, ఏ గొంతుతో చదవాలో ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలిసేది దాన్నిబట్టే.

మీరు వాడిన లేత బూడిద రంగు అక్షరాలు కూడా మార్చండి. వెబ్ అందరికీ అందేలా ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాలున్నాయి. మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5కి 1 ఉండాలని వాటిలో ఉంది. తెలుపు మీద నలుపు అయితే 21కి 1. మీది 3 కూడా లేదు, ఎండలో నిలబడి చదివేవాళ్లకి ఏమీ కనబడదు.

ప్రశ్న: సైట్ తెరవగానే 'మీ ఈమెయిల్ ఇవ్వండి' అని పాప్-అప్ పెడితే ఎక్కువమంది చేరతారంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. ఇంకా ఒక్క ముక్క కూడా చదవని మనిషి మీకు ఈమెయిల్ ఎందుకివ్వాలి? వ్యాసం చివర అడగండి, నచ్చినవాళ్లు ఇస్తారు. ఫోన్‌లో పేజీని కప్పేసే ఇలాంటి అడ్డుతెరలుంటే వెతుకులాటలో ఆ పేజీ వెనక్కి పోవచ్చని గూగుల్ 2017 జనవరి నుంచి అమలు చేస్తోంది కూడా. మూసే గుర్తు చీమ తలకాయంత పెట్టడం, 'వద్దు' అనే బటన్ కనబడకుండా చేయడం లాంటివి అసలు చేయకండి. ఇలాంటి వాటికి హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 2010లోనే డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టారు. అలా రాబట్టిన ఈమెయిల్ మీకు పాఠకుణ్ని తెచ్చిపెట్టదు.

ప్రశ్న: నేను డిజైన్ చదువుతున్నాను మేడమ్. నా సైట్ ఎవరూ ఎక్కడా చూడనట్టు ఉండాలని మెనూని గుండ్రంగా తిరిగేలా చేశాను, ఒక్కో చుక్క మీద వేలు పెడితే ఒక్కో పేజీ పేరు వస్తుంది. మా సార్ మార్కులు తగ్గించారు. కొత్తగా ఆలోచించడం తప్పా?

జవాబు: తప్పు కాదు, మీ ఉత్సాహం చూస్తే నాకు ముచ్చటేసింది. కానీ మీ సారే కరెక్ట్. మీ సైట్‌కి వచ్చే మనిషి ఎక్కువ టైమ్ గడిపేది వేరే సైట్లలో, మీది కూడా వాటిలాగే పనిచేస్తుందన్న అంచనాతోనే వస్తాడు (ఇదీ నీల్సన్ చెప్పిందే). మెనూ ఎక్కడుంటుందో, లింక్ ఎలా ఉంటుందో అతని వేళ్లకి అలవాటైపోయింది. ఆ అలవాటుని మార్చమంటే అతను చదవాల్సిన శ్రద్ధని మెనూ నేర్చుకోవడానికి ఖర్చు పెట్టాలి. కదిలే వాటితో కళ్లు తిరిగేవాళ్లు కూడా ఉంటారు, వాళ్లు ఫోన్‌లో కదలికలు తగ్గించమని సెట్టింగ్ పెట్టుకుంటే మీ సైట్ దాన్ని గౌరవించాలి. మీ కొత్తదనమంతా మీరు చూపించే పనిలో, రాసే మాటల్లో, వేసే బొమ్మల్లో పెట్టండి, అక్కడ ఎంత కొత్తగా ఉన్నా ఎవరూ దారి తప్పరు.

ప్రశ్న: మాది చిన్న గ్రంథాలయం. పుస్తకాలు రిజర్వ్ చేసుకునే సైట్ పెట్టాం. అది బాగుందో లేదో చెప్పించుకోవడానికి నిపుణులని పిలిచేంత డబ్బు మా దగ్గర లేదు. మాకు మేమే ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఒక సంగతి చెప్తాను. కిందటేడు మా పిన్ని ఒక ఆస్పత్రి సైట్లో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుంటుంటే నేను పక్కన కూర్చున్నాను. ఫారంలో పదకొండు గడులు. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంటూ ఒక్కొక్కటీ నింపింది, ఫోన్ నంబర్ మాత్రం మనం నోటితో చెప్పేటట్టే ఐదంకెలు, ఖాళీ, ఐదంకెలుగా కొట్టింది. బటన్ నొక్కగానే పైన ఎర్రగా 'చెల్లదు' అని వచ్చింది. ఏది చెల్లదో చెప్పలేదు. నింపినవన్నీ ఖాళీ అయిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారి మొదలుపెట్టకుండా ఫోన్ నా చేతిలో పెట్టి, "నాకు చేతకావడం లేదే, నువ్వే చెయ్యి" అంది. నలభై ఏళ్లు ఇంటి లెక్కలన్నీ పొల్లు పోకుండా రాసిన మనిషి! ఆ ఖాళీని కంప్యూటరే తీసేసుకోవచ్చు, దానికి ఒక్క లైన్ కోడ్ చాలు. అది రాయనివాళ్ల తప్పు మా పిన్ని తన నెత్తిన వేసుకుంది. ఆ రోజు నుంచి నేను ఏ సైట్ చూసినా ముందు ఫారమే చూస్తున్నాను.

కాబట్టి మీరు చేయాల్సింది ఏమిటంటే, మీ గ్రంథాలయానికి వచ్చే ఒక మనిషిని, సైట్ ఎప్పుడూ చూడనివాళ్లని, కూర్చోబెట్టండి. "ఫలానా పుస్తకం ఉందేమో చూసి మీ పేరున పెట్టుకోండి" అని పని చెప్పండి, వాళ్ల ఫోనే వాడమనండి. ఆ తర్వాత మీరు నోరు విప్పకూడదు. ఇదే అన్నిటికంటే కష్టం, వాళ్లు తప్పు చోట నొక్కుతుంటే 'అది కాదండీ, పైన' అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఆపుకోండి. వేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ వెనక్కి వెళ్లారు, ఏ మాట రెండుసార్లు చదివారు, అది మాత్రం రాసుకోండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు.

ఐదుగురితో చేయిస్తే చాలు, పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయి. ఐదుగురు చాలన్న ఈ లెక్క 2000లో నీల్సన్ రాసిన వ్యాసంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఐదుగురూ ఒకే వయసువాళ్లు కాకుండా చూసుకోండి, ఒక పెద్దాయన, ఒక కాలేజీ పిల్ల, అద్దాలు లేకుండా చదవలేని వాళ్లొకరు తప్పకుండా ఉండాలి. ముగ్గురు ఆగిన చోటు ముందు సరిచేయండి, మిగతావి తర్వాత. సరిచేశాక మళ్లీ ఆ ఐదుగురినే పిలవకండి, వాళ్లకి దారి తెలిసిపోయి ఉంటుంది. ఈసారి కొత్తవాళ్లని కూర్చోబెట్టి, అదే పుస్తకం వెతకమనండి.