లాన్‌లో పాముపొడ

చిరంజీవి కిరణ్‌కు, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన లాన్ ఫోటోలు చూశాను. పళ్ళెమంతవి కొన్ని, చాటంతవి కొన్ని, గుండ్రటి గోధుమరంగు మచ్చలు. జులై నెల, నార్త్ కరోలినాలో మీ రాలీ ఊరి ఉక్కపోత, ఫెస్క్యూ గడ్డి, ఆ ఇంట్లో మీకు తొలి వేసవి. ఎండకు మాడిందనుకుని రోజూ సాయంత్రం నీళ్ళు పెంచానని రాశావు. ముందు వెళ్ళి అది ఆపి రా, మిగతాది తర్వాత చదువుదువుగాని.

షార్లట్‌కు వచ్చిన కొత్తలో నేను చేసిందీ ఇదే. రాత్రి తొమ్మిదింటికి స్ప్రింక్లర్ తిప్పాను, బలం రావాలని దోసిళ్ళతో ఎరువు చల్లాను. పది రోజుల్లో మచ్చలన్నీ కలిసిపోయి ఇంటి ముందు గోనెపట్టా పరిచినట్టయింది. గోదావరి డెల్టాలో ఇరవై ఏళ్ళు వరి పండించి వచ్చినవాణ్ణి, తెగులును పోల్చుకోలేకపోయాను. మచ్చను చూశానే గాని, వంగి ఆకును చూడలేదు.

రేపు ఎండ పడకముందే లే. మచ్చ నడుమ కాదు, పచ్చగడ్డీ ఎండుగడ్డీ కలిసే అంచు దగ్గర కూర్చో. మంచు తడిలో సాలెపోగుల్లాంటి తెల్లటి బూజు కనబడితే అదే శిలీంధ్రం. ఎండ తగలగానే కనబడకుండా పోతుంది. నాలుగు ఆకులు తుంచి చూడు. ఎండుగడ్డి రంగులో వంకరటింకర మచ్చ, దాని చుట్టూ కాటుక గీసినట్టు సన్నని ముదురు అంచు ఉంటే అది బ్రౌన్ ప్యాచ్ అనే తెగులు. మన చేలో వరి దుబ్బు గుర్తొచ్చిందా? రావాలి. వరిలో పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలానీ అనే శిలీంధ్రమే ఇక్కడ ఫెస్క్యూ మీద పడుతుంది. యూరియా దండిగా వేసిన మడిలోనే పాముపొడ ముదిరేది కదా, ఇక్కడా లెక్క అదే. వేసవిలో నత్రజని జోలికి పోకు. సెప్టెంబరులో ఒకసారి, నవంబరులో ఒకసారి వెయ్యి.

ఆకు మీద మచ్చ లేకుండా గడ్డి చాపలా చుట్టుకుని చేతికొస్తే అడుగున వేరుపురుగు ఉన్నట్టు. నడిచిన అడుగులు అలాగే పడి ఉంటే నిజంగానే దాహం. బూట్లకు నారింజ పొడి అంటితే తుప్పు తెగులు, దానికి కంగారు అక్కర్లేదు.

ఇక నీళ్ళ సంగతి. రాత్రి వేడి ఫారెన్‌హీట్‌లో 68 డిగ్రీలు దాటి, ఆకు పది గంటలకు పైగా తడిగా ఉంటే ఈ తెగులుకు పండగే. అందుకని తెల్లవారుజామున నాలుగు, ఆరు గంటల మధ్య పెట్టు. అప్పటికి మంచుతో ఆకు ఎలాగూ తడిసే ఉంటుంది, పొద్దెక్కగానే ఆరిపోతుంది. సాయంత్రం పెడితే ఆ తడికి ఇంకో అయిదారు గంటలు నువ్వే కలిపినట్టు. వానతో కలిపి వారానికి అంగుళం నీరు చాలు. గడ్డి కోసే మోవర్ మూడున్నర అంగుళాల ఎత్తులో ఉంచు, తడి గడ్డి మీద నడపకు.

మందు కొనమంటావా అని అడిగావు. నేనైతే ఈ ఏడు కొనను. అజాక్సీస్ట్రోబిన్ అనే శిలీంధ్రం మందు పనిచేస్తుంది, కాదనను. కాని అది కొత్త ఆకును కాపాడుతుందే తప్ప ఎండినదాన్ని పచ్చగా చేయదు. మచ్చలు ఇంకా పాకుతుంటేనే కొట్టు. రెండోసారి కొట్టాల్సి వస్తే డబ్బా మీద, మందు పనిచేసే తీరును చెప్పే గ్రూపు అంకె చూడు. దీనిది 11. మళ్ళీ 11 కాకుండా, 3 ఉన్న ప్రోపికొనజోల్ లాంటిది తీసుకో. ఒకే రకం మందుకు శిలీంధ్రం అలవాటు పడిపోతుంది. ఆరేదాకా పిల్లల్ని అటు పోనివ్వకు.

లాన్ బాగోలేదని కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుందని కోడలు బెంగపడుతోందట. వస్తే తెగులని జవాబు రాయండి, పక్కింటి లానూ అలాగే ఉండి ఉంటుంది. గడ్డి మొదలు గట్టిగా, పచ్చగా ఉన్నచోట చల్లబడ్డాక తానే చిగురిస్తుంది. బోసిగా మిగిలినచోట సెప్టెంబరులో విత్తనం చల్లుదాం, నేనూ వస్తాను.

ఈసారి లాన్ ఫోటో వద్దు. ఒక్క ఆకు తుంచి, తెల్ల కాగితం మీద పెట్టి, దగ్గరగా తీసి పంపు.

మీ బాబాయి